బ్రిడ్జి నియమాలను ఎవరు మారుస్తారు, ఎలా మారుస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దరిద్దరు భాగస్వాములుగా నలుగురు ఆడే బ్రిడ్జి పేకాటలో చట్టం, నిబంధన, పోటీ షరతు అని మూడు మాటలు వినిపిస్తాయి. మూడూ ఒకటేనా?

కావు. క్లబ్బుల్లో రేగే వాదనల్లో చాలా వాటికి మూలం ఈ తేడా తెలియకపోవడమే కాబట్టి ముందు దీన్ని తేల్చుకోవాలి. చట్టాలంటే ప్రపంచ బ్రిడ్జి సమాఖ్య ప్రకటించే డూప్లికేట్ బ్రిడ్జి (అవే ముక్కలు అన్ని బల్లల మీదా ఆడే పోటీ పద్ధతి) చట్టాలు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2017 నాటి ప్రతి, అందులో 93 చట్టాలున్నాయి. నిబంధనలంటే ఆ చట్టాలు ఇచ్చిన అధికారంతో నియంత్రణ సంస్థ, అంటే ప్రపంచ పోటీలకు ప్రపంచ సమాఖ్య, మండల పోటీలకు మండల సంస్థ, మిగతా వాటికి దేశీయ సమాఖ్య, తమ పరిధిలో చేసుకునేవి. పోటీ షరతులంటే ఆ ఒక్క టోర్నమెంటుకు నిర్వాహకులు ముందుగా ప్రకటించేవి.

వంతు కానప్పుడు బిడ్, అంటే ఇన్ని పట్లు గెలుస్తామని వేలంలో పాడే పాట, చెబితే ఏం చేయాలో చట్టం చెబుతుంది. ఏ బిడ్‌కు ప్రత్యేక అర్థం ఉందని ప్రత్యర్థులకు అలర్ట్ చెప్పాలో నిబంధన చెబుతుంది. రెండు జంటలకు సమానమైన స్కోరు వస్తే ఎవరిని ముందు నిలపాలో పోటీ షరతు చెబుతుంది. నిబంధన చట్టానికి అనుబంధంగా ఉండవచ్చు గాని విరుద్ధంగా ఉండకూడదని 80వ చట్టం స్పష్టంగా చెప్పింది. అందువల్ల "మా క్లబ్బులో ఇలాగే చేస్తాం" అన్న మాట చట్టానికి అడ్డు వచ్చిన చోట చెల్లదు, ఆ ఆచారం ఎన్నేళ్ల నుంచి ఉన్నా సరే.

ప్రపంచ సమాఖ్యలో నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉంటుంది? మామూలు ఆటగాడికి అందులో ఓటు ఉందా?

నేరుగా లేదు. 1958లో ఓస్లోలో ఏర్పడిన ప్రపంచ బ్రిడ్జి సమాఖ్యలో సభ్యులు దేశీయ సమాఖ్యలే తప్ప వ్యక్తులు కారు. ప్రపంచాన్ని ఎనిమిది మండలాలుగా విభజించారు. భారత్ నాలుగవదైన ఆసియా, మధ్యప్రాచ్య మండలంలో ఉంది. రోజువారీ పాలన కార్యనిర్వాహక మండలి చూస్తుంది, ఆట చట్టాలను మాత్రం ప్రత్యేకంగా ఒక చట్టాల సంఘం రాస్తుంది.

మన దేశంలో బ్రిడ్జి ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద క్లబ్బులు, ఆటగాళ్లు ఉంటారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆడే వ్యక్తి అభిప్రాయం పైదాకా వెళ్లాలంటే రాష్ట్ర సంఘం సర్వసభ్య సమావేశంలో మొదలు కావాలి. ఆ మెట్లు ఎక్కువగానే ఉన్నాయి. అయినా మొదటి మెట్టు మీద మనం కూర్చోకపోతే పై మెట్ల మీద మన మాట వినిపించడం లేదని బాధపడే హక్కు మనకు ఉండదని నా అభిప్రాయం.

రాష్ట్ర సంఘం ఉపనియమాలు కార్యవర్గం తనంతట తాను మార్చుకోవచ్చా?

సొసైటీగా నమోదైన సంఘమైతే మార్చుకోకూడదు. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘాలకు సంఘ నిబంధనావళే పునాది. దాన్ని మార్చాలంటే సభ్యులకు ముందుగా నోటీసు ఇచ్చి, సమావేశంలో తీర్మానం చేసి, రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. పోటీల తేదీలు, ప్రవేశ రుసుము, పంచే బోర్డుల (ఒక బోర్డు అంటే ఒకసారి పంచిన నాలుగు చేతులు) సంఖ్య వంటివి కార్యవర్గం నిర్ణయించుకోవచ్చు. ఎవరు సభ్యులు, ఎవరికి ఓటు, పదవీకాలం ఎంత, క్రమశిక్షణ చర్యలు ఎవరు తీసుకోవాలి అన్నవి మాత్రం కార్యవర్గం గదిలో తేలిపోవలసిన విషయాలు కావు.

పేకాట అనగానే పోలీసులు గుర్తొస్తారు. బ్రిడ్జి సంఘాన్ని చట్టం ఎలా చూస్తుంది?

దీనికి జవాబు మన నేల మీదే దొరికింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని కోర్టు చెప్పింది. అందులో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం వంటిదేనని పోలిక కూడా తెచ్చింది. 1968 నాటి న్యాయ నివేదికల్లో ఆ తీర్పు ఉంది. డూప్లికేట్ పద్ధతిలోనైతే అవే ముక్కలు అన్ని బల్లల మీదికీ వెళతాయి కాబట్టి మంచి చేయి పడిందా చెడ్డ చేయి పడిందా అన్న ప్రశ్నే చాలావరకు తొలగిపోతుంది.

చట్టాలను ఎన్నాళ్లకోసారి మారుస్తారు? ఇన్నేళ్ల ఆటలో ఇంకా మార్చడానికి ఏముంది?

1987, 1997, 2007, 2017 అని చూస్తే సుమారు పదేళ్లకోసారి అని తెలుస్తుంది. అంతకుముందు 1963, 1975 ప్రతులు ఉన్నాయి. మారుతున్నది ఆట కాదు, పొరపాటును చూసే దృష్టి. పాత ప్రతుల్లో పొరపాటు చేసినవాణ్ణి శిక్షించడం ప్రధానంగా ఉండేది. కొత్త ప్రతుల్లో ఆ పొరపాటు వల్ల ఎదుటి జంటకు కలిగిన నష్టాన్ని పూడ్చి, వీలైనంతవరకు బోర్డును మామూలుగా ఆడనివ్వడం ప్రధానమైంది.

ఒక బల్ల దగ్గరికి వెళ్లి చూద్దాం. మీ భాగస్వామి ఒక నోట్రంప్ (తురుపు లేని ఆట) బిడ్‌తో వేలం తెరిచాడు. కుడిపక్క ప్రత్యర్థి రెండు డైమన్ అన్నాడు. మీరు అది గమనించకుండా, నాలుగు ముక్కల ఆటీనో ఇస్పేటో ఉందా అని అడగడానికి రెండు కళావరు అన్న బిడ్ కార్డు బల్ల మీద పెట్టారు. అది ముందున్న బిడ్ కన్నా తక్కువ, అంటే సరిపోని బిడ్. పోటీలో తీర్పు చెప్పే అధికారిని, అంటే డైరెక్టరును, పిలుస్తారు. ఎడమపక్క ప్రత్యర్థి దాన్ని ఒప్పుకుంటే ఆట అలాగే సాగుతుంది, ఒప్పుకోకపోతే మీరు సరిదిద్దాలి. 1997 చట్టం కింద మీ బిడ్ కన్వెన్షన్, అంటే ముందే ఒప్పుకున్న ప్రత్యేక అర్థం ఉన్నది, కాబట్టి, మీరు ఎలా సరిదిద్దినా మీ భాగస్వామి ఆ వేలం ముగిసేదాకా పాస్ చెబుతూ కూర్చోవలసిందే. ఏ కాంట్రాక్టు (వేలంలో చివరికి నిలిచే బిడ్) ఆడాలో మీరొక్కరే గుడ్డిగా ఊహించాలి. 2007లో, అదే అర్థం గానీ అంతకన్నా కచ్చితమైన అర్థం గానీ ఉన్న బిడ్‌తో సరిదిద్దితే వేలం సాగనిచ్చారు. 2017లో 'పోల్చదగిన కాల్' (కాల్ అంటే బిడ్, పాస్, డబుల్ ఏదైనా) అనే భావనకు 23వ చట్టంలో చోటిచ్చి, ఉద్దేశం ఒకటైనా చాలన్నారు. అంటే మీ పద్ధతిలో మూడు డైమన్ కూడా అదే ప్రశ్న అడిగేదైతే మీరు అది చెప్పవచ్చు, మీ భాగస్వామి మామూలుగా జవాబివ్వవచ్చు. వంతు కానప్పుడు చెప్పిన కాల్స్‌కు కూడా ఇదే భావనను వర్తింపజేశారు. చివరికి ఆ పొరపాటు సాయం లేకపోతే ఫలితం వేరుగా ఉండేదని తేలితే స్కోరు సవరించే అధికారం డైరెక్టరుకు ఉంటుంది.

ఈ మార్పు వల్ల డైరెక్టర్ల పని పెరిగిందన్న విమర్శ నిజమే. ఇంతకుముందు పుస్తకం తిప్పి చెప్పే తీర్పుకు ఇప్పుడు ఆ జంట పద్ధతిని అడిగి తెలుసుకుని ఆలోచించాల్సి వస్తోంది. అయినా ఒక్క కార్డు తొందరపడి పెట్టినందుకు ఒక బోర్డంతా పాడు చేయడం కన్నా ఇది మేలని నేను నమ్ముతున్నాను.

క్లెయిమ్ చేసిన తర్వాత ఆట కొనసాగించవచ్చని విన్నాను. నిజమేనా?

క్లెయిమ్ అంటే మిగిలిన ముక్కలు ఆడకుండానే ఇన్ని పట్లు మావి అని ప్రకటించడం. 2017 నుంచి నిజమే, అయితే షరతు ఉంది. క్లెయిమ్ చేయని పక్షం అడగాలి, నలుగురూ ఒప్పుకోవాలి. అప్పుడు క్లెయిమ్ రద్దవుతుంది, ఆడి తెచ్చుకున్న ఫలితమే నిలుస్తుంది. ఒక్కరు కాదన్నా డైరెక్టరును పిలవాలి. అంతకుముందు క్లెయిమ్‌తోనే ఆట ఆగిపోయేది, ఆ తర్వాత వేసిన ముక్కలకు విలువ ఉండేది కాదు. కొత్తగా నేర్చుకునేవారు ఎదుటివారి క్లెయిమ్ అర్థం కాక "ఆడి చూపించండి" అని అడగడం సహజం. ఆ సహజమైన కోరికకు చట్టంలో చోటు దొరికింది.

స్కోరింగు కూడా మార్చారా? దాని ప్రభావం ఆట మీద ఎంత?

చాలా ఉంది. నా దృష్టిలో 1987 నాటి మార్పు ఇందుకు మంచి ఉదాహరణ. వల్నరబుల్ (బహుమతులూ జరిమానాలూ పెరిగే స్థితి) కాని పక్షం, ప్రత్యర్థులు డబుల్ చేసి పందెం పెంచిన కాంట్రాక్టులో ఓడితే, అంతకుముందు తగ్గిన మొదటి పట్టుకు 100, ఆపైన ప్రతి పట్టుకు 200 చొప్పున పోయేవి. 1987 నుంచి నాలుగవ పట్టు మొదలు ప్రతిదానికీ 300 చేశారు.

లెక్క వేసి చూడండి. ఎదుటివారు వల్నరబుల్‌గా ఆరు ఇస్పేట్లు గెలిస్తే వారికి 1430 వస్తాయి. పాత లెక్కలో మీరు వల్నరబుల్ కానప్పుడు వారి మీద త్యాగపు బిడ్ (ఓడతామని తెలిసీ వారిని ఆపడానికి వేసేది) వేసి, డబుల్ అయి ఏడు పట్లు ఓడినా 1300 మాత్రమే పోయేవి, అంటే ఓడి కూడా 130 లాభం. కొత్త లెక్కలో అదే ఏడు పట్లకు 1700 పోతాయి. ఆరు పట్లు ఓడితే 1400, అంటే లాభం 30 మాత్రమే. ఎదుటివారు కష్టపడి చక్కగా స్లామ్ (పన్నెండు గాని పదమూడు గాని పట్లు గెలవాల్సిన కాంట్రాక్టు) దాకా వెళితే చేతిలో ఏమీ లేనివాడు ఊరికే పైకెక్కి దాన్ని చెడగొట్టడం అంత చవక కాకుండా పోయింది. వేలంలో తెగింపు విలువను ఒక్క అంకె మార్చి సవరించారు. డబుల్‌కు ఎదురు రీడబుల్ చేసి గెలిచినందుకు ఇచ్చే అదనపు బహుమతిని 50 నుంచి 100కు పెంచింది కూడా అప్పుడే.

జట్ల పోటీల్లో విజయ పాయింట్ల పట్టికను ప్రపంచ సమాఖ్య 2013లో మార్చింది. పాత పద్ధతిలో సమానమైన మ్యాచికి 15–15, గెలిచినవారికి గరిష్ఠంగా 25. కొత్త పద్ధతిలో 10–10 నుంచి 20–0 దాకా, రెండు దశాంశాలతో లెక్కిస్తారు. పాత పట్టికలో ఒక్క ఇంప్ (జట్ల పోటీల్లో స్కోరు తేడాను కొలిచే యూనిట్) తేడా కొన్నిచోట్ల పూర్తి పాయింటును మార్చేది, కొన్నిచోట్ల ఏమీ మార్చేది కాదు. దశాంశాలు చూసి విసుక్కున్నవారు ఉన్నారు గాని న్యాయం వాటి వైపే ఉంది.

ఏ బిడ్డింగు పద్ధతులు అనుమతించాలో ఎవరు నిర్ణయిస్తారు? మనకు నచ్చిన పద్ధతి ఆడే స్వేచ్ఛ లేదా?

నిర్ణయించేది నియంత్రణ సంస్థ, 40వ చట్టం దానికి ఆ అధికారం ఇచ్చింది. ప్రపంచ సమాఖ్య పద్ధతులను ఆకుపచ్చ, నీలం, ఎరుపు, పసుపు రంగులతో వర్గీకరించింది. పసుపు అత్యంత అసాధారణమైనవాటికి. ఉదాహరణకు బలమైన చేతితో పాస్ చెప్పి, బలహీనమైన చేతితో బిడ్ తెరిచే పద్ధతి అందులోకి వస్తుంది. 'బ్రౌన్ స్టికర్' కన్వెన్షన్లని ఇంకో వర్గం ఉంది. చేతిలో బలం ఇస్పేటు, ఆటీను వంటి వాటిలో దేనిలో ఉన్నదో తేలని బలహీనమైన ఆరంభ బిడ్లు చాలావరకు అందులో పడతాయి, అయితే ఆటగాళ్లకు బాగా అలవాటైన ఆటీను గాని ఇస్పేటు గాని ఉన్న బలహీనమైన చేతిని చూపే మల్టీ రెండు డైమన్‌ను అందులోంచి మినహాయించారు.

ఉత్తర అమెరికా సంస్థ ఏసీబీఎల్ 2018 నవంబరులో అనుమతించే పద్ధతులు చెప్పే తన పాత పట్టికలన్నిటినీ పక్కనపెట్టి బేసిక్, బేసిక్ ప్లస్, ఓపెన్, ఓపెన్ ప్లస్ అనే నాలుగు పట్టికలు తెచ్చింది. అమెరికాలో ఉండి క్లబ్బుల్లో ఆడే మనవాళ్లు స్వదేశానికి వచ్చి టోర్నమెంటులో కూర్చున్నప్పుడు ఈ తేడా తప్పక గమనించాలి. అక్కడ చెల్లినది ఇక్కడ చెల్లుతుందని అనుకోకుండా ఆ పోటీకి వర్తించే పద్ధతుల నిబంధన ముందే చదువుకోవాలి.

స్వేచ్ఛకూ ఎదుటివారి సన్నద్ధతకూ మధ్య తూకమే ఇక్కడి సమస్య. రెండు బోర్డులు మాత్రమే కలిసి ఆడే జంటల పోటీలో ఎవరూ ఎన్నడూ చూడని పద్ధతితో కూర్చుంటే ఎదుటివారు దానికి రక్షణ ఆలోచించుకునే వ్యవధే ఉండదు. సుదీర్ఘమైన జట్ల మ్యాచిలో, ముందుగా పద్ధతి దాఖలు చేసిన చోట, అదే పద్ధతిని అనుమతించవచ్చు.

టోర్నమెంటు మధ్యలో షరతు మార్చవచ్చా?

మార్చకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. చాలా ఏళ్ల క్రితం ఒక ఊళ్లో జరిగిన జంటల పోటీలో నేను కూడా ఆడాను. సమాన స్కోరు వస్తే ఏం చేయాలో కరపత్రంలో రాయలేదు. రెండవ సెషన్ ముగిశాక రెండు జంటలు మొదటి స్థానంలో సమానంగా నిలిచాయి. నిర్వాహకులు పక్క గదిలోకి వెళ్లి పది నిమిషాలు మాట్లాడుకుని, ముఖాముఖి ఆడిన బోర్డుల్లో ఎవరిది పైచేయి అయితే వారే విజేతలన్నారు. ఆ నియమం చెడ్డదేమీ కాదు, చాలాచోట్ల వాడేదే. అయితే దాన్ని ప్రకటించేసరికి ఎవరు గెలుస్తారో గదిలో అందరికీ తెలుసు. రెండవ స్థానానికి దిగిన పెద్దాయన ఏమీ అనకుండా స్కోరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన ఆ పోటీకి రాలేదు.

అందుకే షరతులు మొదటి బోర్డు పంచకముందే లిఖితంగా ఉండాలి. మరిచిపోయిన అంశం మధ్యలో ఎదురైతే పై సంస్థ నిబంధన ఏముందో చూసి దానికి కట్టుబడాలి. అక్కడా లేకపోతే బహుమతిని సమానంగా పంచడం కన్నా మంచి దారి లేదు.

డైరెక్టరు తీర్పు తప్పనిపిస్తే ఏం చేయాలి?

92వ చట్టం ప్రకారం అప్పీలు చేసే హక్కు ఉంది. నిర్వాహకులు వేరే గడువు పెట్టకపోతే అధికారిక స్కోరు చూసుకునేందుకు పెట్టిన 30 నిమిషాల్లోపు అడగాలి. జంటల పోటీలో ఇద్దరూ ఒప్పుకోవాలి, జట్ల పోటీలో కెప్టెన్ అడగవచ్చు. అప్పీళ్ల సంఘం డైరెక్టరు విచక్షణతో ఇచ్చిన స్కోరును మార్చవచ్చు గాని, చట్టానికి ఆయన చెప్పిన అర్థాన్ని కొట్టివేయలేదు, పునఃపరిశీలించమని సూచించగలదు అంతే.

చాలా సంస్థలు ఇప్పుడు ఆటగాళ్లతో కూడిన సంఘాలను తగ్గించి, డైరెక్టర్లు నిపుణులను సంప్రదించి తీర్పిచ్చే పద్ధతి వైపు వెళుతున్నాయి. రాత్రి పన్నెండింటికి అలసిపోయిన ఆటగాళ్లు, రేపు తమకే ప్రత్యర్థులయ్యేవారి మీద తీర్పు చెప్పడం కన్నా ఇది మెరుగు.

మోసం ఆరోపణలు వస్తే ఎవరు విచారిస్తారు? చెన్నైలో జరిగినదేమిటి?

1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలో బల్లకు అడ్డంగా తెరలు మొదటిసారి పెట్టారు. భాగస్వాములు ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదని వాటి ఉద్దేశం. అదే పోటీలో ఒక జంట బల్ల కింద కాళ్ల కదలికల మీద ఫిర్యాదు రావడంతో ఆ తర్వాత తెరను బల్ల కిందికి కూడా పొడిగించాల్సి వచ్చింది.

2015లో నార్వే ఆటగాడు బోయె బ్రోగెలాండ్ కొన్ని అగ్రశ్రేణి జంటల మీద బహిరంగంగా ఆరోపణలు చేశాక, అనేకమంది ఆటగాళ్లు పోటీల వీడియోలను ముక్క ముక్కా పరిశీలించారు. ఆ ఏడాది శరత్కాలంలో చెన్నైలో జరిగిన ప్రపంచ జట్ల పోటీకి ముందే ఇజ్రాయెల్, జర్మనీ, మొనాకో జట్లు తప్పుకున్నాయి. పోలండ్ తన ఒక జంట లేకుండానే ఆడి బెర్ముడా బౌల్ అనే ఆ ప్రపంచ కప్పు గెలిచింది.

ఆ తర్వాతి అధ్యాయం సంస్థలన్నీ చదువుకోవలసినది. యూరోపియన్ బ్రిడ్జి లీగ్ 2016లో మొనాకో జట్టుకు ఆడిన ఇటలీ జంట ఫుల్వియో ఫంతోని, క్లాడియో నూనెస్‌లపై నిషేధం విధించింది. లోసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2018 జనవరిలో దాన్ని రద్దు చేసింది, ఎందుకంటే ఆ న్యాయస్థానానికి కావలసిన రుజువు స్థాయికి ఆధారాలు చేరలేదు. 2021లో ఇటలీ జట్టులో ఫంతోని ఉండడంతో యూరప్ అర్హత పోటీలో ప్రత్యర్థి జట్లు ఆడకుండానే మ్యాచిలు వదులుకున్నాయి. చట్టం ప్రకారం ఆడే హక్కు ఉన్న ఆటగాడు ఒక పక్క, అతనితో కూర్చోబోమన్న ఆటగాళ్లు ఇంకో పక్క, మధ్యలో ఏ నియమమూ సిద్ధంగా లేని సంస్థ. ఫిర్యాదు ఎవరు తీసుకోవాలి, దర్యాప్తు చేసినవారే తీర్పు చెప్పవచ్చా, ఎంత రుజువు చాలు, తీర్పు పెండింగులో ఉండగా ఆ వ్యక్తి ఆడవచ్చా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు ఆరోపణ రాకముందే రాసి పెట్టుకోవాలి. వచ్చాక రాసే ప్రతి వాక్యం ఎవరో ఒకరి మీద రాసినట్టే కనిపిస్తుంది.

బ్రిడ్జిలో డోపింగు పరీక్షలెందుకు?

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లో ప్రపంచ సమాఖ్యను గుర్తించింది. ఆ గుర్తింపుతో డోపింగు వ్యతిరేక నియమాలూ వచ్చాయి. ఆ దారిలోనే 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జి చేరింది, ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ పురుషుల జంటల్లో భారత్‌కు బంగారు పతకం తెచ్చారు. నిషేధిత జాబితాలోని మందులు రోజూ వాడే పెద్దవయసు ఆటగాళ్లు అంతర్జాతీయ పోటీకి ముందు వైద్య మినహాయింపు పత్రం తీసుకోవడం మరవకూడదు.

పాలక మండలి పెద్దదిగా ఉండాలా, చిన్నదిగానా?

ఏసీబీఎల్ మండలిలో చాలాకాలం 25 జిల్లాల నుంచి 25 మంది ఉండేవారు. దాన్ని 13 ప్రాంతాలు, 13 మంది చేయాలని నిర్ణయించి దశలవారీగా తగ్గించారు. చిన్న మండలి త్వరగా నిర్ణయం తీసుకుంటుంది, పెద్దదానిలో మారుమూల క్లబ్బుకు గొంతు ఉంటుంది. నాకైతే సంఖ్య కన్నా ద్వారం ముఖ్యం. 1937లో ఏర్పడిన అదే సంస్థలో నల్లజాతి ఆటగాళ్లకు సభ్యత్వపు అడ్డంకులు పూర్తిగా తొలగడానికి 1967 దాకా పట్టింది. వారు అప్పటికే 1932లో అమెరికన్ బ్రిడ్జి అసోసియేషన్ పేరుతో తమ సంస్థను తామే నిర్మించుకున్నారు. ఆ 30 ఏళ్లలో మండలి ఎన్ని మంచి నియమాలు చేసి ఉన్నా, బయట నిలబెట్టినవారికి అవి ఏమీ చేయలేదు.

నేనొక నియమం మార్చాలని కోరుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు అది చట్టమా, నిబంధనా, పోటీ షరతా అని తేల్చుకోండి. చట్టమైతే మీ సూచన రాష్ట్ర సంఘం, దేశీయ సమాఖ్య మీదుగా ప్రపంచ చట్టాల సంఘానికి చేరాలి, తర్వాతి ప్రతి దాకా ఓపిక పట్టాలి. నిబంధనైతే దేశీయ సమాఖ్యకు రాయండి. పోటీ షరతైతే ఈ ఏడాదే మార్చవచ్చు. ఏదైనా సరే, ఇప్పటి నియమం వల్ల నిజంగా జరిగిన ఒక బోర్డును నాలుగు చేతులు, వేలం, ఇచ్చిన తీర్పుతో సహా రాసి జతపరచండి. "ఇది అన్యాయం" అన్న వాక్యం కన్నా ఆ ఒక్క బోర్డు ఎక్కువ పనిచేస్తుంది. మార్పు ఎప్పటినుంచి అమలు కావాలో తేదీ కూడా మీ ప్రతిపాదనలోనే రాయండి, ఆ తేదీ ఇప్పటికే ప్రకటించిన ఏ పోటీ మధ్యలోనూ పడకుండా చూసుకోండి.